వెనుక సీటు ప్రయాణం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, పి.ఆర్.సి. గురించి, హెల్తు కార్డుల గురించి మాట్లాడటానికి నాకంటె సమర్థులు ఈ వేదిక మీదే ఉన్నారు. వారు మాట్లాడారు, మనం విన్నాం, చప్పట్లు కొట్టాం. భోజనాలకు ముందు మిగిలిన ఇరవై నిమిషాలు నాకిచ్చి "విశ్రాంత జీవితంలో ప్రయాణాలు" అనే అంశం మీద మాట్లాడమన్నారు కార్యదర్శి గారు. కాశీ, రామేశ్వరం, షిర్డీ యాత్రల గురించి చెబుతానని వారి ఉద్దేశం కావచ్చు. నేను మాత్రం వనస్థలిపురం నుంచి ఎల్.బి.నగర్ మెట్రో స్టేషను దాకా, సుమారు నాలుగు కిలోమీటర్ల యాత్ర గురించి చెప్పదలచుకున్నాను. ఆ యాత్ర నేను బైకు టాక్సీ మీద చేస్తాను. నా వయస్సు డెబ్భై నాలుగు.

మీలో కొందరికి నవ్వు వస్తోంది, కొందరికి కోపం వస్తోంది. మా ఇంట్లో ఈ రెండూ అయ్యాయి కాబట్టి నాకు కొత్త కాదు. నా మనవి ఒకటే. పూర్తిగా విని తరువాత మందలించండి.

ముందుగా తెలియని వారికోసం నాలుగు మాటలు. ఫోనులో మనం ఎక్కడ ఉన్నదీ, ఎక్కడికి పోవలసినదీ చెబితే ఛార్జీ ఎంతో చూపిస్తుంది. సరే అంటే ఒక కుర్రవాడి పేరు, బండి నంబరు, నాలుగంకెల సంఖ్య ఒకటి వస్తాయి. రెండు మూడు నిమిషాల్లో అతను మన గేటు ముందు ఉంటాడు. ఆ నాలుగంకెలూ చెబితే ప్రయాణం మొదలైనట్లు. దిగాక డబ్బు చేతికైనా ఇవ్వవచ్చు, ఫోనులోనైనా పంపవచ్చు. తరువాత ఆ కుర్రవాడికి మనం మార్కులు వేయాలి. మన కాలంలో సూపరింటెండెంటు సంవత్సరానికి ఒకసారి కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాసేవాడు, దానికే మనకు నిద్ర పట్టేది కాదు. వీళ్ళకు రోజుకు పదిహేనుసార్లు రాస్తున్నారు, రాసేది ముక్కూ మొహం తెలియని వాళ్ళు. అది వేరే సంగతి.

నగరంలో మన తరం ఎక్కని వాహనం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సైకిలు మీద ఇద్దరం పోయేవాళ్ళం, సాయంత్రమైతే దీపం లేదని పోలీసు ఆపేవాడు. సైకిలు రిక్షాలు ఎక్కాం. డబుల్ డెక్కరు బస్సులో పై అంతస్తు ముందు సీటు కోసం పోటీ పడ్డాం. సెట్విన్ బస్సులో తల వంచుకొని నిలబడ్డాం. సెవెన్ సీటరు ఆటోలో పదకొండో మనిషిగా ఒంటికాలి మీద వేలాడాం. ఆ తరువాత స్కూటరు అడ్వాన్సుకు దరఖాస్తు పెట్టుకుని, సీనియారిటీ లిస్టులో మన పేరు ఎప్పుడు వస్తుందా అని చూసి చూసి, ఒక చేతక్ కొనుక్కున్నాం. భార్య వెనుక, ఒక బిడ్డ ముందు, ఒక బిడ్డ మధ్యలో. హెల్మెట్టు అన్న మాటే లేదు. ఇవాళ "ఈ వయసులో బైకేమిటి నాన్నా" అని అమెరికా నుంచి కేకలు వేసే కుమారుడు ఆ రోజుల్లో చేతక్ హ్యాండిలు పట్టుకుని ముందు నిలబడ్డవాడే.

నేను 2009లో రిటైరయ్యాను. మోకాళ్ళు అరిగి, ఒక కంటికి ఆపరేషను జరిగాక స్కూటరు అమ్మేశాను. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్‌కు మెట్రో రైలు వచ్చింది. స్టేషనులో లిఫ్టు ఉంది, రైలులో పెద్దవాళ్ళను చూసి కుర్రకారు లేచి చోటు ఇస్తున్నారు. నాంపల్లికి, పంజగుట్ట నిమ్సు ఆస్పత్రికి అందులోనే పోవచ్చు. కాని రైలు దగ్గరకు పోవటం ఎలా? మా ఇంటి నుంచి బస్సు స్టాపుకే పావుగంట నడక. ఆటో అయితే, మీటరు అన్నది ఒకటి ఉన్నదని గుర్తుచేస్తే ఆ మనిషి మనల్ని జాలిగా చూస్తాడు. నూట ఇరవై అంటాడు, మనం ఎనభై అంటాం, ఈ లోపల రైలు పోతుంది. మా అబ్బాయి "నేను ఇక్కడి నుంచే కారు బుక్ చేస్తాను" అంటాడు. చేస్తాడు కూడా. కారు వచ్చేదాకా నాలుగుసార్లు ఫోను చేస్తాడు, ఎక్కాక ఒకసారి, దిగాక ఒకసారి. వాడి ప్రేమకు వంక పెట్టను. కాని అయ్యా, ఒక బ్యాంకు పాసుబుక్కు ఎంట్రీ వేయించుకోవటానికి, ఒక మిత్రుణ్ణి పరామర్శించటానికి ఎనిమిది వేల మైళ్ళ దూరాన ఉన్నవాడి అనుమతి తీసుకోవాలా? నన్ను రిజిస్టరు పార్సెలు లాగా ఇక్కడ కట్టి అక్కడ విప్పుతున్నట్లు ఉండేది.

అందుచేత ఒక రోజు పక్కింటి ఇంజనీరింగు విద్యార్థి చేత ఫోనులో ఆ ఏర్పాటు చేయించుకున్నాను. నలభై రెండు రూపాయలు అయింది. పది నిమిషాల్లో ఎల్.బి.నగర్ స్టేషను మెట్ల దగ్గర దిగాను. ఆ నెలలో ముగ్గురు పాత సహోద్యోగుల ఇళ్ళకు వెళ్ళాను. వారిలో ఒకరిని చూసి ఆరేళ్ళయింది, ఉండేది సైదాబాదులో. ఇద్దరమూ ఒకే ఊళ్ళో ఉండి ఆరేళ్ళు! వారు మొన్న సంక్రాంతికి పోయారు. ఆ ఏడాదిన్నరలో పద్నాలుగుసార్లు వారి దగ్గర కూర్చున్నాను. అందులో పన్నెండుసార్లు బైకు మీద వెళ్ళినవే.

ఇక ఇందులోని సుఖం చెబుతాను. కారులో అద్దాలు మూసుకుని పోతే ఊరు సినిమాలా ఉంటుంది. బస్సులో పోతే ఊరి బదులు పక్కవాడి చంక కనబడుతుంది. బండి వెనుక కూర్చుంటే ఊరు మన ఒంటికి తగులుతుంది. వర్షాకాలం మొక్కజొన్న కంకులు కాల్చే వాసన, రంజాను నెలలో హలీం బట్టీల పొగ, రైతుబజారు ముందు కొత్తిమీర కట్టలు, వినాయక చవితికి ముందు వరసగా నిలబెట్టిన విగ్రహాలు, ఇవన్నీ మళ్ళీ చూశాను. ఇంటి నుంచి పెద్ద రోడ్డుకు పోవటానికి ఆ కుర్రవాళ్ళకు తెలిసిన సందులు ముప్పై ఏళ్ళుగా అక్కడ ఉన్న నాకు తెలియవు. మొదటిసారి ఎక్కబోతుంటే ఆ అబ్బాయి, "సార్, మెల్లగ ఎక్కుండ్రి, తొందరేం లేదు. నా భుజం పట్టుకోండ్రి" అన్నాడు. కన్నబిడ్డ భుజం పట్టుకుని ఎన్నేళ్ళయిందో లెక్క వేసుకున్నాను ఆ రోజు.

వాళ్ళ కబుర్లు మరొక సుఖం. అందరూ మాట్లాడరు. కొందరికి చెవుల్లో ఏదో పాట. కాని మాట్లాడేవాళ్ళు మాట్లాడితే వినాలి. ఒకతను నల్లగొండ జిల్లావాడు, డిగ్రీ పాసయ్యాడు, చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చుని గ్రూపు–2కు చదువుతున్నాడు. ఉదయం ఆరు నుంచి పది దాకా, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా బండి. నేను రిటైర్డు సీనియర్ అసిస్టెంటునని తెలిసి, చింతలకుంట సిగ్నలు దగ్గర వెనక్కు తిరిగి, "సార్, నోటు ఫైలు, కరెంటు ఫైలు అని రెండుంటయంట గదా, తేడా ఏంది?" అని అడిగాడు. పచ్చ దీపం పడి వెనుక హారన్లు మోగుతున్నాయి. "నాయనా, ముందు బండి పోనీ, దిగాక చెబుతాను" అన్నాను. స్టేషను కింద స్తంభం నీడలో నిలబడి ఒక పావుగంట చెప్పాను. వచ్చిన కాగితం ఎక్కడ పెడతారు, దాని మీద మన అభిప్రాయం ఎక్కడ రాస్తారు, పేజీల నంబర్లు ఎటు నుంచి వేస్తారు, అన్నీ. ఆ పావుగంటలో అతనికి రెండు బేరాలు వచ్చాయి, రెండూ వదులుకున్నాడు. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో నా నోటింగు గురించి అంత శ్రద్ధగా విన్న అధికారి ఒకరూ లేరు.

ఇది మన ఊళ్ళోనే పుట్టిన వింత కాదు. గోవాలో పసుపు, నలుపు రంగుల మోటారుసైకిళ్ళు నాలుగు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ లైసెన్సుతో నడుస్తున్నాయి. నడిపేవారిని అక్కడ పైలట్ అంటారు. మన దగ్గర ఒక కంపెనీవారు కెప్టెన్ అంటున్నారు. విమానం ఒక్కటే తక్కువ. బ్యాంకాకులో నారింజరంగు కోటు వేసుకున్న మోటారుసైకిలు వాళ్ళు సందు మొగదల వరసగా కూర్చుంటారు, పెద్ద రోడ్డు మీద దిగిన వాళ్ళను లోపలి ఇళ్ళకు చేరుస్తారు. ఉగాండాలో వీటిని బోడా బోడా అంటారు. కెన్యా సరిహద్దు దగ్గర ఒక చెక్‌పోస్టు నుంచి రెండో చెక్‌పోస్టు దాకా మనుషులను సైకిళ్ళ మీద దాటించేవారట, "బోర్డర్, బోర్డర్" అని అరిచిన అరుపే ఆ పేరయింది. ఎక్కడ చూసినా కథ ఒకటే. పెద్ద బండి ఒక చోట ఆగిపోతుంది, ఇల్లు ఇంకా దూరంగా ఉంటుంది.

ఇప్పుడు రెండో వైపు. అది చెప్పకపోతే నేను ఆ కంపెనీల ఏజెంటునని అనుకుంటారు.

కేంద్ర ప్రభుత్వ రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు 460 మందికి పైగా. వారిలో నూటికి 44.5 వంతు ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. ఈ అంకెలు రాసుకుని జేబులో పెట్టుకున్నాను, ఎక్కినప్పుడల్లా గుర్తుండటానికి. కారుకు చుట్టూ రేకు ఉంటుంది. ఇక్కడ మన చొక్కాయే రేకు. ఇరవై ఏళ్ళవాడు పడితే తోలు ఊడుతుంది, మనం పడితే తుంటి విరుగుతుంది. తుంటి విరిగిన పెద్దవాడు మళ్ళీ తన కాళ్ళ మీద లేచి తిరగటం ఎంత కష్టమో మన సభ్యుల ఇళ్ళలోనే చూశాం. గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి తలకు చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తం కారే ప్రమాదం ఉంది. పైకి ఏమీ కనబడదు, సాయంత్రానికి మత్తుగా పడుకుంటారు. ఎముకలు గుల్లబారినవారికి పడనక్కరలేదు, చూసుకోకుండా స్పీడు బ్రేకరు ఎక్కించినా వెన్నుపూస దెబ్బతినవచ్చు. ఇటువంటివారు దయచేసి నా మాట విని బైకు ఎక్కవద్దు. మా డాక్టరు గారు నాకు ఎముకల పరీక్ష చేయించి, విసుక్కుంటూనే ఊరుకున్నారు.

ప్రమాదాలలో నేను చూసినంతవరకు వేగం కంటె చెడ్డది రాంగ్ రూటు. పనామా దగ్గర యూటర్న్ దాకా పోయి రావటం ఎందుకని ఎదురు వాహనాల మీదికి బండి తిప్పుతారు. అక్కడ నేను అతని వీపు తట్టి దిగిపోతాను. "ఏం కాదు సార్" అంటాడు. "నీకేం కాదు నాయనా, నాకవుతుంది" అంటాను. రెండోది ఫోను. హ్యాండిలుకు బిగించిన ఫోనులో మ్యాపు చూసుకోక తప్పదు, ఒప్పుకుంటాను. కాని ప్రయాణం మధ్యలోనే తరువాతి బేరం గంట మోగుతుంది, దాన్ని వేలితో నొక్కాలి. ఆ ఒక్క క్షణం బండిని దేవుడు నడుపుతాడు. మూడోది వాన. మన ఊళ్ళో వాన పడితే మలక్‌పేట రైలు వంతెన కింద సంగతి మీకు చెప్పనక్కరలేదు. నీళ్ళలో గుంట ఎక్కడుందో, మ్యాన్‌హోలు మూత ఉన్నదో లేదో కనబడదు. వాన రోజున ఛార్జీ కూడా పెంచుతారు. డబ్బు ఎక్కువిచ్చి నీళ్ళలో పడటం ఎందుకు?

నాకు జరిగినది కూడా చెప్పాలి. అప్పుడు వాన లేదు, రాంగ్ రూటు కాదు, వేగమూ లేదు. 2024 ఆగస్టులో ఒక ఉదయం తొమ్మిది గంటలకు సర్వీసు రోడ్డులో నెమ్మదిగా పోతున్నాం. ఆగి ఉన్న కారులోంచి ఒక పెద్దమనిషి వెనక్కు చూడకుండా తలుపు బార్లా తీశాడు. అబ్బాయి బండి పక్కకు కోశాడు, తలుపు అంచు హ్యాండిలుకు తగిలింది, ఇద్దరం పడ్డాం. అతను ముందు పడ్డాడు, నేను అతని మీద పడ్డాను. నా మోచెయ్యి గీరుకుంది, హెల్మెట్టు మీద మూడంగుళాల గీత పడింది. ఆ గీత తలకు పడవలసినదని వేరే చెప్పనక్కరలేదు. అబ్బాయికి జత్రువు, అదే కాలరు ఎముక, విరిగింది. నన్ను లేపుతూ అతను అన్న మొదటి మాట, "సార్, మీకేం కాలేదు గద?" రెండో పని, ఎడమ చేత్తో ఫోను వెతుక్కోవటం. కారు పెద్దమనిషి ఏదో సభకు వేళయిందని అయిదు వందల రూపాయల నోటు తీసి ఇవ్వబోయాడు. నేను తీసుకోనివ్వలేదు. కారు నంబరు చేతి మీద రాసుకున్నాను. కలం జేబులో పెట్టుకునే అలవాటు మనకు పోలేదు కదా.

108కి ఫోను చేసి ఆస్పత్రికి తీసుకువెళ్ళాం. అక్కడి నుంచి అసలు కథ. బండి అతని బావ పేరు మీద ఉంది. ఇన్సూరెన్సు థర్డ్ పార్టీ మాత్రమే. యజమాని బండి నడుపుతుంటే వర్తించే పదిహేను లక్షల ప్రమాద బీమా ఒకటి ఉంది కాని, అది మరణానికి, శాశ్వత వైకల్యానికి. ఎముక విరిగితే రాదు, పైగా ఇతను యజమాని కాడు. సొంత వాడకానికి రిజిస్టరయిన బండిని కిరాయికి తిప్పితే పాలసీ షరతులు అడ్డం వస్తాయి. ఇక మిగిలింది ఏ కంపెనీ తరఫున అతను బేరం చేశాడో ఆ కంపెనీ ఇచ్చే ప్రమాద బీమా. వారికి దరఖాస్తు పంపితే డిశ్చార్జి సమ్మరీ లేదన్నారు. పంపితే పోలీసు కాగితం లేదన్నారు. అదీ పంపితే ప్రయాణం నంబరు తప్పన్నారు, చూస్తే తప్పు లేదు. అబ్బాయి విసిగి, "వదిలేయుండ్రి సార్" అన్నాడు. అయ్యా, కాగితం తిప్పి పంపితే వదిలేసే వాళ్ళమా మనం? తిప్పి పంపటం ఎలాగో మనకు తెలియదా? విషయము, సూచిక, జతపరచిన కాగితములు అని వరసగా వేసి, ప్రతి పేజీకి నంబరు ఇచ్చి, మొదటి రిమైండరు, రెండో రిమైండరు, ఆ పైన పేరు పెట్టి పైఅధికారికి ఒక డి.ఓ. లెటరు నమూనాలో ఉత్తరం పంపాను. నాలుగు నెలలకు ఆస్పత్రి ఖర్చు వచ్చింది. ఏడు వారాలు పని లేక కూర్చున్నందుకు మాత్రం ఏమీ రాలేదు. అటువంటి పద్దే లేదన్నారు.

ఆ ఏడు వారాలు నా మనసులో ఉండిపోయాయి. మనకు మెడికల్ లీవు ఉండేది, హాఫ్ పే లీవు ఉండేది, దాన్ని కమ్యూట్ చేసుకునే వాళ్ళం. ఎండలో వానలో రోజుకు పది పన్నెండు గంటలు రోడ్డు మీద ఉండేవాడికి లీవు ఖాతా లేదు. వెనుక కూర్చున్న నేను ఆ ప్రమాదాన్ని పది నిమిషాలు భరిస్తాను, అతను పొద్దు గుంకేదాకా భరిస్తాడు. నలభై రెండు రూపాయలకు నాకు దొరికిన ఈ స్వేచ్ఛలో ఎంత భాగం అతని ఒంటి మీద పడుతున్నదో అప్పుడు కనబడింది. సామాజిక భద్రతా స్మృతి 2020లో ఇటువంటి పనివాళ్ళ ప్రస్తావన చట్టంలోకి ఎక్కింది, 2025 నవంబరు 21 నుంచి అది అమలులోకి వచ్చింది. కంపెనీలు తమ టర్నోవరులో నూటికి ఒకటి నుంచి రెండు వంతులు వారి సంక్షేమ నిధికి కట్టాలని అందులో ఉంది. అది ఒక కుర్రవాడి విరిగిన ఎముక దాకా ఎప్పుడు చేరుతుందో చూడాలి. అలాగే ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం చేసే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. ఇది రోడ్డు మీద దెబ్బతిన్న ఎవరికైనా, మనకైనా వర్తిస్తుంది. గుర్తు పెట్టుకోండి. పడ్డవారిని ఆస్పత్రికి చేర్చిన వారిని పోలీసులు వేధించకుండా మోటారు వాహనాల చట్టంలో 134–ఎ సెక్షను ఉంది, కాబట్టి భయపడి పక్కకు తప్పుకోనక్కరలేదు.

చట్టం మాట వచ్చింది కనుక, అసలు ఈ బైకు టాక్సీ చట్టబద్ధమా కాదా అని మన కోశాధికారి గారు నన్ను రెండుసార్లు అడిగారు. ఒక నోటు పెడతాను. కిరాయికి తిప్పే వాహనానికి పర్మిటు, పసుపు పలక ఉండాలి. మన ఊళ్ళో నన్ను ఎక్కించుకున్న బండ్లు చాలావరకు తెల్ల పలకవే. మోటారుసైకిలు కూడా కాంట్రాక్టు క్యారేజి నిర్వచనంలోకి వస్తుందని కేంద్రం 2024 జనవరిలో రాష్ట్రాలకు రాసింది. 2025 జూలై మార్గదర్శకాలలో, రాష్ట్రం ఒప్పుకుంటే సొంత మోటారుసైకిళ్ళను కూడా ఇలా వాడవచ్చునని చెప్పింది. నిర్ణయం రాష్ట్రానిది. ఢిల్లీలో 2023లో ఆగిపోయాయి. బెంగుళూరులో హైకోర్టు ఆదేశంతో 2025 జూన్ 16 నుంచి ఆపవలసి వచ్చింది, ఆ తరువాతా వ్యవహారం కోర్టులలో నడిచింది. ట్రావెలింగ్ అలవెన్సు బిల్లులు పాసు చేసిన నాకు ఈ చిక్కు బాగా అర్థమవుతుంది. సొంత వాహనమా, కిరాయి వాహనమా, ఏ కాలమ్‌లో రాయాలి? ఇలాంటి బిల్లు నా టేబులు మీదికి వచ్చి ఉంటే "వివరణ కోరవచ్చును" అని రాసి పైకి పంపేవాణ్ణి. ప్రభుత్వాలూ ఇంచుమించు అదే చేస్తున్నాయి.

ఆటోవాళ్ళను నేను మొదట వేళాకోళం చేశాను కాని వారి బాధలో న్యాయం ఉంది. పర్మిటుకు, ఫిట్‌నెసుకు, పన్నుకు డబ్బు కట్టి రోడ్డెక్కినవాడికి, ఏమీ కట్టని తెల్ల పలక పోటీకి వస్తే మండుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవారికి ఆర్టీసీ బస్సులో ఉచితం వచ్చింది. మా ఆవిడ సంతోషించింది, మా వీధి చివర ఆటో అతను దిగులు పడ్డాడు. ఇద్దరిదీ నిజమే. సామానుతో, వానలో, మా ఆవిడతో కలిసి పోవలసినప్పుడు ఇప్పటికీ నేను ఆ అతనినే పిలుస్తాను. బేరం ఆడటం తగ్గించాను.

సోదరీమణులు ఈ విషయంలో నన్ను ఎక్కువ ప్రశ్నలు వేస్తున్నారు. చీరతో ఒక పక్కకు కూర్చోవటం ప్రమాదం. బండి ఒక్కసారి కదిలితే పట్టు ఉండదు, కొంగు చక్రంలో పడితే మరీ ప్రమాదం. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 123వ నియమం ప్రకారం ప్రతి మోటారుసైకిలుకు వెనుకవారికి చేతిపట్టు, కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టు, వెనుక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే కవచం ఉండాలి. మనం చీర గార్డు అనేది అదే. చాలామంది కుర్రవాళ్ళు అందానికని దాన్ని ఊడదీస్తారు. లేని బండి వస్తే ఎక్కకండి, ఇంకొకటి వస్తుంది. పంచె కట్టే మన సోదరులకూ ఇదే వర్తిస్తుంది. నేను బైకు రోజున ప్యాంటే వేసుకుంటాను.

హెల్మెట్టు గురించి ఒక మాట. 129వ సెక్షను ప్రకారం వెనుక కూర్చున్నవారికి కూడా తప్పనిసరి. లేకపోతే జరిమానా. వాళ్ళు ఇచ్చే హెల్మెట్టు పది మంది చెమటతో ఉంటుంది, పట్టీ తెగి ఉంటుంది, ఒక్కొక్కసారి అసలు ఉండదు. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నది ఒకటి నేను కొనుక్కుని కూరగాయల సంచిలో వేసుకుని తిరుగుతాను. మెట్రోలో జనం చూస్తారు. బ్యాంకులో గుమాస్తా అమ్మాయి "అంకుల్, మీరు బండి నడుపుతారా?" అని అడిగింది. ఆగస్టు తరువాత ఆ గీత పడ్డ హెల్మెట్టు మార్చేశాను. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు మళ్ళీ వాడకూడదట. పాతది మా ఆవిడ బాల్కనీలో వేలాడదీసింది, నాకు కనబడేటట్లు.

ఆమె ఇంకా ఒప్పుకోలేదు. నేను మానలేదు. చీకటి పడ్డాక ఎక్కను, వానలో ఎక్కను, ఐదు కిలోమీటర్లు దాటితే ఎక్కను, ఎక్కే ముందు ఆమెకు బండి నంబరు చెబుతాను. ఆమె దాన్ని క్యాలెండరు మీద పెన్సిలుతో రాస్తుంది, నేను ఇంటికి వచ్చాక రబ్బరుతో చెరిపేస్తుంది. మా ఇద్దరి మధ్య ప్రస్తుతానికి ఒప్పందం ఇది. కాలరు ఎముక అతికిన అబ్బాయి మళ్ళీ బండి నడుపుతున్నాడు. పోయిన నెల రైతుబజారు దగ్గర కనబడ్డాడు, ఇన్సూరెన్సు ఈసారి పూర్తిది కట్టానని కాగితం తీసి చూపించాడు. పాలసీ నంబరు, తేదీలు సరిచూసి ఇచ్చాను.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు, వంటవారు కూడా తొంగి చూస్తున్నారు. ఫోనులో ఈ బుకింగు ఎలా చేయాలో నేర్చుకోదలచిన సభ్యులు భోజనాల తరువాత వరండాలో నన్ను కలవవచ్చు. ఎముకల పరీక్ష చేయించుకుని, సొంత హెల్మెట్టు కొనుక్కున్నవారికే నేర్పుతాను. మిగతావారికి ఆటో నంబరు ఇస్తాను.